అంగిట్లో మచ్చ... నొప్పి లేదని వదిలేయొచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా అమ్మకు 58 ఏళ్లు. పెళ్లి కాకముందు నుంచే అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగుతోంది. ఈ మధ్య అంగిట్లో తెల్లటి మచ్చ వచ్చింది, దాని పక్కనే ఎర్రగా ఉంది. నొప్పి లేదు కదా, డాక్టరెందుకు అంటోంది. నాకేమో టెన్షన్. ఇది క్యాన్సరా? చుట్టను మామూలుగా తిప్పి తాగితే పర్వాలేదా?

జవాబు: మచ్చ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. అడ్డపొగ తాగేవాళ్లలో చాలామందికి అంగిలి తెల్లబడి మందంగా అవుతుంది. అందులో ఎక్కువ భాగం క్యాన్సర్‌గా మారవు. కానీ మీరు 'పక్కనే ఎర్రగా ఉంది' అని రాశారు చూడండి, నాకు అనుమానం అక్కడే. ఎర్ర మచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాల్సిందే. నొప్పి లేదని ధీమా పడొద్దు. అంగిలి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యేసరికి ఎముక దాకా పోయి ఉండొచ్చు. అప్పుడు అంగిలిలో కొంత తీసేసి, తిన్నది ముక్కులోకి రాకుండా పలక అమర్చాల్సి వస్తుంది.

నిజానికి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన ఉత్తరాంధ్ర తీరంలో కనిపించడానికి కారణం నిప్పు కొస నోట్లో ఉండటమే. పొగతో పాటు వేడి కూడా నేరుగా అంగిలికి తగులుతుంది. 1971లో వెలువడిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షిస్తే, నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. ఈ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. గాలికి ఆరదు, నుసి మీద పడదు, ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. చేతినిండా పని ఉన్న మనిషికి అంతకంటే వీలైన పద్ధతి ఏముంటుంది? అమ్మను చూసి కూతురు నేర్చుకున్న అలవాటు ఇది. కసిరితే పోదు.

తిప్పి తాగితే అంగిలికి వేడి తగ్గుతుంది, అంతే. గుండెకు, ఊపిరితిత్తులకు, గొంతుకు ఎటు తాగినా నష్టమే.

ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరుకు గానీ దంత వైద్యుడికి గానీ చూపించండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందని ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నమ్మకండి. ఒకవేళ క్యాన్సర్ అని తేలితే విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

చుట్ట మానేస్తే తెల్ల మచ్చలు చాలావరకు తగ్గుతాయి. మానేశాక మొదటి కొన్ని వారాలు చిరాకు, నిద్రలేమి ఉంటాయి. ఆమె వల్ల కాకపోతే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి. 1800 112 356కు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహాలిస్తారు. మచ్చ పోయినా ఆరు నెలలకోసారి అంగిలి చూపిస్తూ ఉండండి.