తెలిసినవాళ్లను కుట్టుకూలి అడగలేకపోవడం స్వభావమేనా?

ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నాను, పని బాగానే వస్తోంది, కానీ బంధువులను డబ్బు అడగడానికి నోరు రాదు, ధర పెంచాలంటే భయం, ఇది నా స్వభావమేనా అని అడిగారు. కాదనే అంటాను. గుంటూరులో కుట్టు దుకాణం నడుపుతున్నాను. నా దగ్గర పని నేర్చుకుని సొంతంగా పెట్టుకున్నవాళ్లలోనూ ఇదే చూశాను. వాళ్లెవరూ నోరు లేనివాళ్లు కారు. పొదుపు సంఘం వాయిదా ఒక్కరోజు దాటనివ్వరు, కూరగాయల బండి దగ్గర గట్టిగా బేరమాడతారు. తమకు రావలసిన కూలి దగ్గరే మాట తడబడుతుంది.

భర్త జీతం సంసారానికి, మన సంపాదన వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు. మా అత్తగారు ఈ మాట ప్రేమగానే అనేవారు. అయితే అది మనసులో నాటుకున్నవాళ్లు తమ శ్రమను ఖర్చు కింద రాయరు. లైనింగ్ బ్లౌజుకు 400 తీసుకుంటున్నారనుకుందాం. లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు కలిపి 100 పోతే 300 లాభం అనుకుంటారు. అదే బ్లౌజును కుట్టడానికి బయట మనిషికిస్తే 200 ఇవ్వాలి కదా? అది మీ కూలి. లాభం 100 మాత్రమే, కరెంటు బిల్లూ మిషను రిపేరూ దానిలోంచే. ఇలా రాసి చూసుకున్నాక, పిన్నిగారు 'మనలో మనకు డబ్బులేమిటమ్మా' అన్నప్పుడు ఎంత పోతోందో తెలుస్తుంది.

ఇక శుక్రవారం సంగతి. లక్ష్మిని బయటకు పంపకూడదని నాకూ నమ్మకమే, మా ఇంట్లోనూ పాటిస్తాం. కానీ వరలక్ష్మీ వ్రతానికి బ్లౌజు అందుకుంటూ 'ఈరోజు డబ్బివ్వకూడదు కదా' అనే మనిషే, అదే రోజు పూజలో పెట్టడానికి లక్ష్మీ కాసు కొని తెచ్చుకుంటుంది. నగల దుకాణంవాడికి ఆ మాట చెప్పదు! అందుకే శ్రావణ మాసం బట్టలకు సగం అడ్వాన్సు ముందే తీసుకుంటాను, మిగతాది గురువారం సాయంత్రం ఇచ్చి తీసుకెళ్లమంటాను. ఎవరి నమ్మకానికీ భంగం లేదు.

అప్పు దగ్గరా ఇదే తీరు. పిల్లవాడి ఇంజనీరింగ్ ఫీజుకు గాజులు తాకట్టు పెట్టడానికి క్షణం ఆలోచించని తల్లి, గుడ్డ అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషనుకు అప్పంటే భయపడుతుంది. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం 2015 నుంచీ ఉంది, శిశు విభాగంలో 50,000 వరకు తాకట్టు లేని రుణం. చేతినిండా పని ఉండి మిషను చాలకపోతే నిరభ్యంతరంగా తీసుకోండి. మిషను పేరుతో తెచ్చి ఇంటి బాకీలు తీర్చడానికైతే వద్దు. అలా కరిగిపోయిన సంఘం అప్పులు చాలా చూశాను.

ముందుగా మీ క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు ముడిపడి ఉందో చూడండి. చాలామందికి భర్త ఖాతాకే ఉంటుంది. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేదాకా తెలియదు. మీ పేరు మీద వేరే ఖాతా తెరిచి, నెలనెలా అందులోంచి మీ కూలి మీరే తీసుకోండి.

పిన్నిగారి దగ్గర తీసుకోవడానికి మనసొప్పకపోతే మానేయండి, కానీ పుస్తకంలో 'పిన్నికి కానుక, 400' అని రాయండి. ఏడాది చివర ఆ మొత్తం ఇంట్లో అందరి ముందూ చదవండి.

ధర పెంచడానికి ఆషాఢం మంచిది. పెళ్లిళ్లు ఉండవు, పని తక్కువ, శ్రావణం రద్దీ వచ్చేసరికి కొత్త రేటు అందరికీ తెలిసిపోతుంది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదని మీ అత్తగారు అంటే, బోర్డు మీద అంకె దిద్దడం కొత్త పనేమీ కాదని చెప్పండి.