బేస్‌మెంట్‌లో రైలు, పెరట్లో గడ్డి: శనాదివారాలు ఎలా సర్దుకోవాలి?

"మాది గుంటూరు, బ్రాడీపేట. ఒహాయోలో ఈ మధ్యే ఇల్లు కొన్నాం. చిన్నప్పటి నుంచి రైళ్లంటే ప్రాణం. ఖాళీగా ఉన్న బేస్‌మెంట్‌లో మోడల్ రైల్వే కట్టుకోవాలని ఉంది. కానీ గడ్డి కోయడం, షెల్ఫులు బిగించడం, కారే కుళాయి చూసుకోవడంతోనే శనాదివారాలు అయిపోతున్నాయి. పనులన్నీ అయ్యాక మొదలుపెట్టమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?"

బెజవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లకి ఈ కోరిక కలగడం సహజం. చెన్నై, హైదరాబాద్, విశాఖ, మచిలీపట్నం, గుంటూరు వైపులకి లైన్లు విడిపోయే బెజవాడ జంక్షన్ దగ్గర పెరిగాం. కృష్ణ మీద వంతెన దాటుతుంటే కిటికీ దగ్గర చోటు కోసం పోట్లాడుకున్నాం. కాబట్టి ఈ ఇష్టాన్ని పక్కన పెట్టమని నేను చెప్పను.

"పనులన్నీ అయ్యాక" అని మాత్రం పెట్టుకోకండి. సొంతింటి పనులు అయిపోవడమనేది ఉండదు. మన ఊళ్లో ఒక ఫోన్ కొడితే ఎలక్ట్రీషియనో కార్పెంటరో సాయంత్రానికి వచ్చేవాడు. ఇక్కడ కూలి ఖరీదు చూశాక చాలా పనులు మనమే నేర్చుకుంటాం. అందుకే రైల్వేని చిన్నదిగా ఉంచుకోండి, దానికో వేళ ఖాయం చేసుకోండి, ఇంటి పనికి కొన్న పనిముట్లతోనే దాన్ని కట్టండి.

ముందుగా, ఆగని పనులేవో వేరు చేసి పెట్టుకోండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా గడ్డి ఆగదు. చలికి నీళ్లు గడ్డకట్టక ముందే బయటి కుళాయి నుంచి గొట్టం విప్పాలి, ఆకులు రాలాక చూరు కింది గట్టర్లు శుభ్రం చేయాలి. మంచు పడితే నడిచే దారి తీయాలి. కుళాయి, గట్టర్ల విషయంలో బద్ధకిస్తే ఇంట్లోకి నీళ్లు వస్తాయి, మొదట తడిసేది బేస్‌మెంటే. గోడకి రంగు మార్చడం, గ్యారేజీ సర్దడం లాంటివి వారం ఆగినా ఇల్లు కూలిపోదు. రైలుకి సమయం ఈ రెండో రకం పనుల్లోంచి తీసుకోండి, మొదటి రకం జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మీ మొదటి చెక్కపని రైలు కోసం కాకుండా వంటింటి కోసం చేయండి. బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు పెట్టుకోవడానికి గట్టి షెల్ఫ్ ఒకటి కట్టండి. ఇది ఇంట్లోవాళ్లని మెప్పించడానికి చెప్పే చిట్కా కాదు, రైల్వేకి కావలసిన విద్య అంతా అందులోనే ఉంది. మన ఇళ్లలో ఇటుక గోడకి డ్రిల్ పెట్టి, ప్లగ్ దూర్చి, స్క్రూ బిగిస్తే చాలు. ఇక్కడి గోడ చాలా చోట్ల జిప్సం బోర్డు, వెనక చెక్క నిట్రాళ్లు. వాటిని స్టడ్స్ అంటారు. మామూలుగా ఒకదాని నడిమి నుంచి ఇంకోదాని నడిమికి 16 అంగుళాలు ఉంటుంది. బరువు మోసే స్క్రూ స్టడ్‌లోకి దిగాలి, వట్టి బోర్డులోకి దిగితే బస్తాతో సహా ఊడి వస్తుంది. షాపులో "వన్ బై ఫోర్" అని అమ్మే చెక్క నిజంగా 1, 4 అంగుళాలు ఉండదు. ముప్పావు అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. కొత్తవాళ్ల కొలతలన్నీ ఇక్కడే తప్పుతాయి. స్టడ్ వెతకడం, లెవెల్ చూడడం, బ్రాకెట్ బిగించడం చేతికి వచ్చాయంటే, అవే బ్రాకెట్ల మీద రైలు పట్టాల షెల్ఫ్ కూడా లేస్తుంది.

చాలామంది నాలుగడుగులు, ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్ కొని నేల మధ్యలో బల్ల వేస్తారు. నాలుగు వైపులా తిరగడానికి రెండేసి అడుగులు వదిలితే అది ఎనిమిది, పన్నెండు అడుగుల గది అవుతుంది. ఇక బట్టలు ఆరేసుకునే చోటూ పోతుంది, మాటలూ మొదలవుతాయి. గోడ వెంట అడుగున్నర వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు షెల్ఫ్ చాలు. కింద సామాన్లు పెట్టుకోవచ్చు.

విజయవాడ స్టేషన్ కట్టాలనే ఆశ నాకూ తెలుసు. లెక్క చూడండి. 24 బోగీల రైలు, బోగీ సుమారు 24 మీటర్లు. హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 87వ వంతుకి కుదించినా, ఒక్క రైలే దాదాపు 22 అడుగులు వస్తుంది. అలాంటి ప్లాట్‌ఫారాలు పది ఎక్కడ పెడతాం? అదే తెనాలి నుంచి రేపల్లె వెళ్లే లైను తలచుకోండి. రేపల్లెతో లైను అయిపోతుంది. వచ్చిన ఇంజన్ని విప్పాలి, పక్క లైన్లోంచి అటు చివరికి తీసుకెళ్లి మళ్లీ తగిలించాలి. రెండు లైన్లు, నాలుగు బోగీలతో ఈ షంటింగ్ గంటసేపు ఆడుకోవచ్చు. రెండు పట్టాల మధ్య దూరం, అంటే గేజి గురించి బెంగ వద్దు. హెచ్‌ఓలో అది 16.5 మిల్లీమీటర్లు, అది అమెరికా గేజికి సరిపోతుంది. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి 19 దాకా కావాలి. ఆ తేడా కంటికి పెద్దగా ఆనదు.

చెక్క కోసే రంపం, రైలు ఒకే గదిలో ఉండకూడదు. ఇంజన్‌కి కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారా అందుతుంది. రంపపు పొట్టు పట్టాల మీద పేరితే ఇంజన్ అడుగడుక్కీ ఆగుతుంది. కోత గ్యారేజీలోనో వాకిట్లోనో పెట్టుకోండి. స్ప్రే పెయింట్ కూడా బయటే, ఎందుకంటే బేస్‌మెంట్‌లో ఇల్లు వేడిచేసే ఫర్నేస్, వాటర్ హీటర్ మంట ఉండొచ్చు. డీహ్యూమిడిఫయర్ పెట్టి తేమ 50 శాతం దగ్గర ఉంచితే చెక్క వంగదు, పట్టాల అతుకులు బిగుసుకోవు, మూలన పెట్టిన సూట్‌కేసులకి బూజు పట్టదు. రైలు నడిచే తక్కువ వోల్టేజీ వైర్లు మీరే కలుపుకోవచ్చు. గోడలో కొత్త కరెంటు పాయింటు కావాలంటే మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవండి.

వేళ సంగతి. శనివారం పొద్దున ఇంటి పని, అమ్మానాన్నలతో ఫోన్. అప్పటికి మన ఊళ్లో సాయంత్రం కదా. రైలుకి వారం మధ్యలో రెండు రాత్రులు, పిల్లలు పడుకున్నాక గంట చొప్పున. ఆ గంటలో ఒకే పని పెట్టుకోండి: నాలుగు వైర్లు టంకం వేయడమో, రైలు పట్టా మారే చోటు ఒకటి సరిచేయడమో. సీసం లేని టంకమే వాడండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. మీ వేళ మీకిచ్చినట్టే మీ ఆవిడకీ అడ్డంకి లేని రెండు గంటలు దక్కాలి. ఇది మీరే ముందు అడిగి ఖాయం చేయండి.

ఇంకా అద్దె అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు సొంతిల్లు దాకా ఆగక్కర్లేదు. టీ-ట్రాక్ అనే పద్ధతిలో ఎన్ స్కేల్ (హెచ్‌ఓ కంటే చిన్నది) మాడ్యూళ్లు, అంటే ఒకదానికొకటి తగిలించే విడి ముక్కలు ఉంటాయి. ఒక్కొక్కటి అడుగు పొడవు, భోజనాల బల్ల మీద పట్టేస్తుంది. ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారితే అట్టపెట్టెలో సర్దేయొచ్చు. మోడల్ రైల్వే క్లబ్బులు చాలా ఊళ్లలో ఉన్నాయి, నవంబర్‌లో చాలావరకు తలుపులు తెరిచి అందరికీ చూపిస్తాయి. పైసా ఖర్చు పెట్టక ముందు పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లండి. అక్కడి పెద్దవాళ్లని పట్టాల ఖరీదు కంటే ముందు, వాళ్లింట్లో ఈ రైలు ఎంత చోటు తీసుకుంటోందో అడగండి.