షార్లమేన్, ఓఫా: కయ్యం ముందు, లేఖ తర్వాత

ఇంగ్లండులోని మెర్సియా రాజ్యాన్నేలిన ఓఫా మీద కోపంతో ఫ్రాంకుల (నేటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాల) రాజు షార్లమేన్ రేవులు మూయించాడని ఒకచోట, ఒక లేఖలో అతన్ని సోదరుడన్నాడని మరోచోట చదివి, ఏది నిజమని అడిగారు. రెండూ నిజమేనండి, మధ్యలో కొన్నేళ్ల ఎడం ఉంది.

సుమారు 790లో తన కొడుక్కి మెర్సియా రాజు ఓఫా కూతురినిమ్మని షార్లమేన్ అడిగాడు. ఓఫా కుండమార్పిడికి పట్టుబట్టాడు: అయితే మీ అమ్మాయి బెర్తాను మా అబ్బాయికివ్వండి అని! వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలంటారు కదా. ఓఫా తనను సమానుడిగా లెక్కవేసుకోవడమే ఫ్రాంకు రాజుకు మండించింది. ఇంగ్లీషు వర్తకులకు రేవులు మూతపడ్డాయి. రేవు సుంకాలు చూసే మఠాధిపతి గెర్వోల్డ్ రాయబారం నడిపాడు.

ఓఫాను సోదరుడన్న షార్లమేన్ లేఖ 796 నాటిది, సయోధ్య కుదిరాక రాసింది. యాత్రికుల వేషంలో సుంకం ఎగ్గొట్టే వర్తకుల సంగతి అందులో ఉంది. మీ దేశపు పైవస్త్రాలు పూర్వపు పొడవుతోనే రావాలన్న ఫిర్యాదూ ఉంది. పెళ్లి ఊసు మాత్రం లేదు.