పంట పోయింది మా చేలో... సబ్సిడీ లెక్క కౌంటీదా?

ప్రశ్న: ఇల్లినాయిలో 120 ఎకరాల మొక్కజొన్న భూమి కొని, ఎకరాకు ఇన్ని డాలర్లని మాట్లాడుకుని అక్కడి రైతుకు కౌలుకిచ్చాం. 2025లో వడగళ్లకు చేను సగం పోయింది. కౌంటీ (జిల్లా లాంటిది)లో పంట ఆదాయం తగ్గితే ప్రభుత్వం ఏఆర్‌సీ పథకం కింద డబ్బిస్తుందని విన్నాం. అందులో మాకు వాటా ఉందా? నాది హెచ్‌1బీ వీసా. – ఒక పాఠకుడు, షికాగో

జవాబు: మీకు వాటా లేదు. నగదు కౌలులో పంట పోయినా మీకు రావలసింది వస్తుంది, నష్టం కౌలు రైతుది. అందుకే సొమ్మంతా ఆయనకే. కౌలు బదులు పంటలో సగమో మూడో వంతో రాసుకుంటేనే ఆ మేరకు యజమానికీ భాగం. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకు వెళ్లింది, కౌలుదారుకు అందలేదు. ఇక్కడి పద్ధతి అందుకు తలకిందులు. మా దృష్టిలో ఇదే న్యాయం.

అయితే ఆ రైతుకైనా వడగళ్ల వల్ల ఏమీ రాకపోవచ్చు. ఏఆర్‌సీ–కౌంటీ చూసేది మీ చేను కాదు, కౌంటీ మొత్తం సగటు. గత అయిదేళ్ల కౌంటీ దిగుబడుల్లో అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ తీసేసి, మిగతా మూడింటి సగటు కడతారు. దేశ సగటు ధరకూ అంతే. లెక్క కోసం దిగుబడి 200 బుషెళ్లు, ధర 5 డాలర్లు అనుకుందాం (మొక్కజొన్న బుషెల్ అంటే దాదాపు 25.4 కిలోలు). ఎకరా ఆదాయం 1,000 డాలర్లు. 2025 పంట నుంచి హామీ ఇందులో 90 శాతం, అంటే 900. అంతకుముందు 86 శాతమే. ఆ ఏడు కౌంటీలో 190 బుషెళ్లు పండి, ధర 4.20 పలికితే ఆదాయం 798, లోటు 102. ఎకరాకు గరిష్ఠంగా 12 శాతం, అంటే 120 దాకా ఇస్తారు కనుక 102 పూర్తిగా వస్తుంది. కానీ 85 శాతం బేస్ ఎకరాలకే. వంద బేస్ ఎకరాలుంటే 8,670 డాలర్లు. కేంద్ర బడ్జెట్ చట్టం కింద వేసే తప్పనిసరి కోత ఇందులోంచి పోతుంది.

చాలామంది పొరబడేది ఈ బేస్ దగ్గరే. అది ఇప్పుడు విత్తిన విస్తీర్ణం కాదు, పాత సాగు రికార్డును బట్టి భూమికి అంటుకున్న అంకె. 120 ఎకరాలకు 120 బేస్ ఉంటుందని అనుకోకండి. కౌంటీలోని ఎఫ్‌ఎస్‌ఏ (అమెరికా వ్యవసాయ శాఖ విభాగం) కార్యాలయంలో 156ఈజెడ్ పత్రం అడిగితే తెలుస్తుంది. పెద్ద కమతాన్ని ముక్కలు చేసి అమ్మినప్పుడు బేస్ ఎలా పంచుకున్నారో రాతపూర్వకంగా లేకపోతే తర్వాత తగాదాలే.

డబ్బు వెంటనే రాదు. మొక్కజొన్న ధర సంవత్సరం ఆగస్టు 31న ముగుస్తుంది కనుక 2025 పంట చెల్లింపు 2026 అక్టోబరు 1 తర్వాతే. ఈ ఒక్క 2025 పంట ఏడాదికి ఏఆర్‌సీ, పీఎల్‌సీ (ధర పడిపోతే ఇచ్చే పథకం)ల్లో ఏది ఎక్కువైతే అదే ఇస్తారు. ఒక్క చేను నష్టానికి దిక్కు పంట బీమానే. మీ కౌలు రైతు అది తీసుకున్నారో లేదో కనుక్కోండి.

ఇక వీసా సంగతి. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివారు వాటా కౌలుకు మారినా, భూమి, పెట్టుబడితో పాటు చెప్పుకోదగ్గ ఒంటి శ్రమ కూడా పెడితేనే అర్హులు. ఉద్యోగం చేసుకునే మీకు అది కుదరదు. అంతకంటే ముఖ్యం, విదేశీయులు సాగుభూమి కొంటే 90 రోజుల్లో ఎఫ్‌ఎస్‌ఏ–153 ఫారం ఇవ్వాలి. హెచ్‌1బీవారికీ ఇది వర్తిస్తుంది. ఆలస్యమైతే జరిమానా వారం వారం పెరిగి, భూమి విలువలో 25 శాతం దాకా పోవచ్చు. ఇవ్వకపోయి ఉంటే ముందు ఆ పని చూసుకోండి.