ఫైటర్ పైలట్టే అవ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి. రెడ్ ఫ్లాగ్ అనే వైమానిక యుద్ధ విన్యాసాల వీడియోలు చూసి, ఫైటర్ పైలట్ తప్ప ఇంకేమీ వద్దంటున్నాడు. వాడికి కళ్లద్దాలున్నాయి. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు కంటి డాక్టరుకు చూపించండి. పవర్ ఎంతుందో, రంగులు సరిగ్గా గుర్తుపడుతున్నాడో లేదో రాయించుకుని, వైమానిక దళం ప్రకటించిన వైద్య ప్రమాణాలతో సరిచూడండి. ఆ సంగతి ఇప్పుడే తేలితే మంచిదండి, ఆశలన్నీ పెట్టుకున్నాక తెలిస్తే తట్టుకోవడం కష్టం.

రెడ్ ఫ్లాగ్ 1975లో అమెరికాలోని నెవాడాలో, నెల్లిస్ స్థావరంలో మొదలైంది. మొదటి పది పోరాటాలు దాటిన పైలట్ ప్రాణాలతో మిగిలే అవకాశం బాగా పెరుగుతుందని వియత్నాం యుద్ధ అనుభవం చెప్పింది. ఆ పదీ శిక్షణలోనే గడిచిపోవాలన్నది దీని ఉద్దేశం. అందుకే శత్రువు ఎత్తుగడలు ఒంటపట్టించుకున్న 'అగ్రెసర్' పైలట్లు ఎదురు నిలుస్తారు. భారత వైమానిక దళం 2008లో సుఖోయ్-30లతో నెల్లిస్ వెళ్లింది. గాలిలోనే ఇంధనం నింపే ఇల్యూషిన్-78 ట్యాంకర్లు కూడా వెంట వెళ్లాయి. ఆ ట్యాంకర్లు నడిపినవాళ్లు, ప్రతి ఉదయం విమానాలను సిద్ధం చేసిన టెక్నీషియన్లు, రాడార్ తెర చూస్తూ పైలట్లకు దారి చెప్పే ఫైటర్ కంట్రోలర్లు లేకపోతే విన్యాసమే లేదు. వీడియోల్లో వీళ్లెవరూ కనపడరు. చూపు అడ్డొస్తే మీవాడికి ఈ దారుల్లో కొన్నయినా తెరిచే ఉండొచ్చు.

వీడియోల్లో కనపడనిది ఇంకొకటుంది, డీబ్రీఫ్, అంటే కిందికి దిగాక అందరూ కూర్చుని జరిగిందంతా సమీక్షించుకోవడం. నా దృష్టిలో అసలు చదువు అదే. తరచూ ఎగిరినంతసేపటి కంటే ఎక్కువసేపు అది సాగుతుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో రికార్డులు తెర మీద వేస్తారు. నిజం క్షిపణులు పేలవు కాబట్టి, ఎవరు 'కూలారో' తేలేదీ వాటి ఆధారంగానే. అక్కడ కొత్త పైలట్ లేచి, "ఆ మలుపులో నా చూపంతా రాడార్ మీదే ఉంది, ఎడమవైపు వచ్చినవాణ్ణి చూడలేదు" అని అందరి ముందూ చెప్పాలి. రకరకాల దేశాలవాళ్లు కలిసి ఎగిరేచోట, అర్థంకాని మాటకు తలూపడం ప్రాణం మీదికి తెస్తుంది. ప్రమాదం కనిపిస్తే ఎంత జూనియరైనా 'నాకిట్ ఆఫ్' అని రేడియోలో అనాలి, అందరూ పోరు ఆపాలి.

తన తప్పు దాచకుండా చెప్పే ఈ అలవాటు మీవాడికి ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. వచ్చే మాక్ టెస్ట్ అయ్యాక పేపరు ముందు పెట్టుకుని, తప్పు సరిగ్గా ఏ మెట్టు దగ్గర జరిగిందో మీకు వివరించమనండి. ఆ కాసేపూ మార్కుల మాట మాత్రం మీరు ఎత్తకండి.