పుట్ ఆఫ్ అంటే వాయిదా ఒక్కటే కాదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ దాకా ఒడియా మీడియం, ఇంట్లో తెలుగే. ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష రాస్తానంటోంది. ఫ్రేజల్ వెర్బ్స్ (పుట్ ఆఫ్, కాల్ ఆఫ్ లాగా క్రియకి చిన్న మాట చేరినవి) ఎంత బట్టీ పట్టినా మాక్ టెస్టుల్లో తప్పులే. ఇంగ్లిష్ కోచింగ్‌కి బరంపురం పంపమంటారా?

జవాబు: ఒక్క ఇంగ్లిష్ కోసమైతే అక్కర్లేదండీ. టైర్-1లో, అంటే మొదటి దశ పరీక్షలో, ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పుకి అర మార్కు కోత. వాటిలో ఫ్రేజల్ వెర్బ్స్‌వి కొన్నే. అందుకని వందల పదాల జాబితా పక్కన పెట్టించండి. ఒక్కోదాన్నీ వాక్యాల్లో పట్టుకోవాలి.

పుట్ ఆఫ్ చూడండి. 'ది ఎగ్జామ్ వజ్ పుట్ ఆఫ్ టిల్ మండే' అంటే సోమవారానికి వాయిదా పడింది. కాల్ ఆఫ్ అంటే రద్దు. పిల్లలు ఈ రెండూ కలిపేస్తారు. మీ అమ్మాయికి ఒడియా పేపర్లో 'ఘుంచిలా', 'బాతిల్' రెండూ తెలిసే ఉంటాయి. మొదటిది పుట్ ఆఫ్, రెండోది కాల్ ఆఫ్ అని చెప్పండి, ఇక తికమక ఉండదు. 'ది స్మెల్ పుట్ మీ ఆఫ్' దగ్గర వాయిదా అర్థం పనికిరాదు. ఆ వాసనకి నాకు తినబుద్ధి కాలేదని, మనసు విరిగిందని. జాబితాలో ఒక్క అర్థమే చదివినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో అర్థం కన్నా వాక్య నిర్మాణం ముఖ్యం. 'పుట్ ఆఫ్ టు గో' తప్పు, 'పుట్ ఆఫ్ గోయింగ్' ఒప్పు. 'పుట్ ఆఫ్ ది మీటింగ్', 'పుట్ ది మీటింగ్ ఆఫ్' రెండూ సరే. మీటింగ్ బదులు ఇట్ వస్తే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: 'పుట్ ఇట్ ఆఫ్'. గతంలో చెప్పినా పుట్ మారదు, పుటెడ్ అనే మాటే లేదు.

పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. వీటినీ ఇలాగే వాక్యాల్లో పెట్టి రాసుకోమనండి. ఆఫీసు ఉత్తరాల్లో అయితే పుట్ ఆఫ్ కన్నా పోస్ట్‌పోన్ నప్పుతుంది. ముందుకు జరపడానికి మనమంతా వాడే ప్రీపోన్ మన దేశపు మాట. బ్రిటిష్‌వాళ్లు బ్రింగ్ ఫార్వర్డ్ అంటారు.

పాత ప్రశ్నపత్రాలు తీసి, తప్పుపోయినవి మాత్రమే నోటుబుక్కులో ఎక్కించుకోమనండి. లెక్కలూ రీజనింగూ ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. బరంపురం మాట ఆ మార్కులు చూశాక ఆలోచించండి.