పూల్ వైరింగ్‌లో ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చు, ఎక్కడ తగ్గించొద్దు

అన్నా, హన్మకొండలో ఇంటి వెనక పిల్లల కోసం చిన్న స్విమ్మింగ్ పూల్ కడుతున్నాం, మెయిన్ బోర్డు నుంచి 40 మీటర్ల దూరం, మామూలు వైర్‌ను పైపులో లాగేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగారు. వద్దన్నా. మా కాజీపేట ఇంట్లో బోరు మోటారుకు అట్లనే వేస్తే పందికొక్కులు కొరికేశాయి. వానాకాలం ఆ తడిమట్టిలో చెప్పుల్లేకుండా నిలబడితే అరికాళ్లు జివ్వుమంటున్నాయని అమ్మ చెప్పేదాకా మాకు తెలియలేదు.

2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల (లోపల మూడు తీగలుండే) కాపర్ ఆర్మర్డ్ కేబుల్, అంటే పైన ఇనుప కవచం ఉన్నది తీసుకోండి. 1 హెచ్‌పీ పంపు సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది, అంత దూరానికి 4, 5 వోల్టులే పడిపోతాయి కాబట్టి ఇంకా లావుది అక్కర్లేదు, ఆ డబ్బు మిగిలినట్టే. కేబుల్‌ను రెండున్నర అడుగుల లోతులో పాతండి, కింద ఇసుక, పైన ఇటుకలు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే పడిపోయి సప్లై ఆపేసే స్విచ్ మాత్రం తప్పనిసరి. ఎంసీబీ ఉంది కదా అనుకోకండి, అది ఓవర్‌లోడ్‌కు, షార్ట్ సర్క్యూట్‌కు పడుతుంది గానీ నీళ్లలో ఉన్న పిల్లాడి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి తెలియదు. ఎర్త్ గట్టిగా ఉండాలి, నిచ్చెన, రెయిలింగ్, పూల్ గోడల్లోని ఇనుప చువ్వలు అన్నీ రాగి తీగతో కలిపి ఎర్త్‌కు ఇవ్వాలి. చువ్వల పని కాంక్రీటు పోయకముందే చేయించండి, తర్వాత పగలగొట్టాల్సిందే.

నీళ్లలో లైట్లు 12 వోల్టులవే, వాటి ట్రాన్స్‌ఫార్మర్ దూరంగా పంపు గదిలో. పూల్ అంచు నుంచి మూడున్నర మీటర్లలోపు సాకెట్ వద్దు.

ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్చేదాకా పిల్లల్ని నీళ్లలోకి దించొద్దు.